చక్రము వెలుపలికి జరిగితే

ఎద్దుబండి చక్రము ఇరుసు నుండి జారిపోకుండా ఆపేది చిన్న కడచీల. ఆ చీలకూ చక్రానికీ నడుమ ఒక బిళ్ళ అదనముగా పడినా బండి నడకలో గొప్ప మార్పేమీ రాదు. ఏలననగా బండిని మలుపు త్రిప్పేవి ఎడ్లు. చక్రాలు వాటి వెంబడి వస్తాయి, అంతే. మోటారు కారు సంగతి వేరు. అందులో దారి చూపేవి ముందు చక్రాలే. ఈనాటి చిన్న కార్లలో చాలావాటిని లాగేవీ అవే. బ్రేకు వేసినపుడు అధిక భారము వహించేవీ అవే. అట్టి చక్రాన్ని ఉన్న చోటినుండి అర అంగుళము వెలుపలికి జరిపినా, దాని ఫలితము చేతిలోని స్టీరింగు వరకు ప్రాకుతుంది.

చక్రాన్ని ఇట్లా జరపడానికి వాడే బిళ్ళకే స్పేసరు అని పేరు. హబ్బుకూ చక్రానికీ మధ్య అమర్చే గుండ్రని లోహపు పలక ఇది. సాధారణముగా అల్యూమినియముతో చేస్తారు. మందము 3 మిల్లీమీటర్ల నుండి 30 మిల్లీమీటర్ల వరకు, కొన్నిటిలో అంతకు మించి కూడా ఉంటుంది. చూడడానికి ఇంతకంటె సులభమైన పరికరము మరొకటి లేదు. తిరిగే భాగము లేదు, తీగ లేదు, నూనె లేదు. అందువలననే దీనిని అమర్చేవారూ, అమర్చుకొనేవారూ దీనిని గూర్చి ఎక్కువగా ఆలోచించరు.

అమర్చుకొనడానికి కారణాలు మూడు చెబుతారు. మొదటిది అందము: టైరు మడ్‌గార్డు లోపలికి దాగినట్లుండక దాని అంచుకు సమముగా వచ్చి నిలిస్తే బండి దిట్టముగా కనిపిస్తుంది. రెండవది అవసరము: కొత్తగా కొన్న అల్లాయ్ చక్రము లోపలి వైపున స్ట్రట్టుకో, బ్రేకు కాలిపర్‌కో తగులుతూ ఉంటే, దానిని కాస్త వెలుపలికి జరపక తప్పదు. మూడవది నమ్మకము: చక్రాలు ఎడముగా నిలిస్తే బండి రోడ్డును గట్టిగా పట్టుకొంటుందని. ఈ మూడవ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అయితే ఆ సత్యము ఎంత, దానికి మనము చెల్లించే వెల ఎంత అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయము.

ఉదాహరణకు మన దేశములో అందరూ ఎరిగిన మారుతి 800 కారును తీసుకొందాము. అది 1983 డిసెంబరులో రోడ్డుమీదికి వచ్చింది. 2014 జనవరిలో దాని ఉత్పత్తి ఆగిపోయింది. 796 ఘన సెంటీమీటర్ల ఇంజను, 12 అంగుళాల చక్రాలు, సుమారు 650 కిలోల బరువు గల బండి. ఒక ప్రక్క చక్రము మధ్యనుండి రెండవ ప్రక్క చక్రము మధ్యవరకు గల ఎడాన్ని ట్రాక్ అంటారు. ఈ కారులో అది సుమారు 1200 మిల్లీమీటర్లు. ఉత్పత్తి ఆగినా బండ్లు ఆగిపోలేదు. చేతులు మారి, స్వల్పమైన ధరకు యువకుల చేతికి వచ్చి, వెడల్పయిన చక్రాలతో, స్పేసర్లతో కొత్త వేషము దాల్చిన బండ్లు ఇప్పటికీ కనబడుతూనే ఉంటాయి.

మొదట లాభపు ఖాతా చూద్దాము. కారు మలుపు తిరిగేటపుడు లోపలివైపు చక్రాలమీది బరువులో కొంత భాగము వెలుపలివైపు చక్రాలమీదికి మారుతుంది. ఈ మారే బరువు ఎంత అన్నది మూడు విషయాలమీద ఆధారపడి ఉంటుంది: మలుపు ఎంత తీవ్రమైనది, బండి గురుత్వకేంద్రము ఎంత ఎత్తున ఉన్నది, చక్రాల ఎడము ఎంత. ఎడము పెరిగితే మారే బరువు తగ్గుతుంది. టైరు స్వభావము ఎట్టిదనగా, దానిమీద బరువు రెట్టింపయినా రోడ్డుమీది పట్టు రెట్టింపు కాదు. అంతకంటె తక్కువగానే పెరుగుతుంది. కాబట్టి ఒక ప్రక్కకే బరువు ఒరిగిన కొద్దీ మొత్తము మీద పట్టు కొంత నష్టమవుతుంది. ఆ ఒరుగుదల తగ్గితే ఆ మేరకు లాభమే. శాస్త్రము ఇంతవరకు స్పేసరు పక్షాననే ఉన్నది.

ఇప్పుడు అంకెలు వేయుదాము. మనుషులతో కలిపి బండి బరువు 900 కిలోలనీ, గురుత్వకేంద్రము నేలకు 500 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదనీ మాదిరికి అనుకొందాము. 50 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు 56 కిలోమీటర్ల వేగముతో తిరిగితే బండిని ప్రక్కకు నెట్టే బలము దాని బరువులో దాదాపు సగము ఉంటుంది. 900లో సగము 450; దానిని 500తో గుణించి 1200తో భాగిస్తే సుమారు 187 కిలోలు. అంత బరువు లోపలి చక్రాలనుండి వెలుపలి చక్రాలకు మారుతుందన్నమాట. ఇక నాలుగు చక్రాలకూ 10 మిల్లీమీటర్ల స్పేసర్లు వేయుదాము. ట్రాక్ 1220 మిల్లీమీటర్లయింది. మరల భాగిస్తే సుమారు 184 కిలోలు. అనగా మనకు మిగిలినది 3 కిలోలు. బడికి పోయే పిల్లవాని పుస్తకాల సంచిని వెనుక సీటులో ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు జరిపితే ఎంత భేదము వస్తుందో, ఇదీ ఇంచుమించు ఆ జాతిదే.

స్పేసర్లను ముందు చక్రాలకే, లేక వెనుక చక్రాలకే వేస్తే ఏమవుతుందని అడగవచ్చును. ముందు ట్రాక్ ఒక్కటే పెరిగితే ముందు టైర్ల పట్టు కాస్త మెరుగవుతుంది. వెనుక వాటిది మారదు. ముందు చక్రాలు లాగే చిన్న కార్లకు మలుపులో ముక్కు వెలుపలికి జారే స్వభావము సహజముగా ఉంటుంది. అది తగ్గి బండి చురుకుగా తిరిగినట్లు తోస్తుంది. కాని ఆ స్వభావాన్ని రూపకర్తలు కావలెననే ఉంచారు. ముక్కు జారితే సామాన్యుడైన డ్రైవరు భయపడి కాలు తీస్తాడు. బండి తిరిగి దారికి వస్తుంది. తోక జారితే దానిని సరిదిద్దడానికి నేర్పు కావలెను. వెనుక ట్రాక్ ఒక్కటే పెంచితే ఫలితము ఇందుకు విపర్యయము: తోక మరికొంత స్థిరపడి, ముక్కు మరికొంత బద్ధకిస్తుంది. ఏ పక్షానికైనా ఈ భేదము స్వల్పము. టైరులోని గాలి ఒత్తిడిని సరిగా ఉంచుకొనడము వలన వచ్చే మేలు దీనికంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక వెల సంగతి. ముందు చక్రము కుడికీ ఎడమకూ తిరుగుతుంది గదా. అది దేనిచుట్టూ తిరుగుతుంది? తలుపు తన బందుల చుట్టూ తిరిగినట్లే చక్రానికీ ఒక ఇరుసుగీత ఉన్నది. అది కంటికి కనబడే కడ్డీ కాదు. పైన స్ట్రట్టు తలకట్టు నుండి క్రింద బాల్ జాయింటు మధ్యగా ఒక దారము పట్టినట్లు ఊహించండి. ఆ దారాన్ని ఇంకా క్రిందికి సాగదీస్తే ఎక్కడో నేలను తాకుతుంది. అది నేలను తాకే చోటికీ, టైరు నేలను అంటే భాగము మధ్యకూ ఉన్న దూరమే ఇక్కడ కీలకము. ఇంజనీర్లు దీనిని స్క్రబ్ రేడియస్ అంటారు. మనము బందు దూరము అని పిలుచుకొందాము.

తలుపును బందు దగ్గర నెట్టితే కదలదు. బందుకు దూరముగా, గడియ దగ్గర నెట్టితే చిటికెన వ్రేలికి తెరచుకొంటుంది. చక్రము విషయములోనూ అంతే. రోడ్డు చక్రాన్ని వెనుకకు లాగినపుడు బందు దూరము తక్కువగా ఉంటే ఆ లాగుడు చక్రాన్ని త్రిప్పలేదు. దూరము పెరిగితే అదే లాగుడు చక్రాన్ని ఒక ప్రక్కకు త్రిప్పుతుంది, స్టీరింగును చేతిలోనుండి గుంజుతుంది. అందువలన తయారీదారులు ఈ దూరాన్ని బహు జాగ్రత్తగా, కొలది మిల్లీమీటర్ల పరిమితిలో నిర్ణయిస్తారు. సూక్ష్మముగా చెప్పవలెనంటే, బ్రేకు వేసినపుడు లెక్కకు వచ్చేది నేల దగ్గరి దూరము. గుంత తగిలినపుడూ, ఇంజను లాగేటపుడూ లెక్కకు వచ్చేది చక్రము మధ్యభాగపు ఎత్తు దగ్గరి దూరము. స్పేసరు ఈ రెండింటినీ తన మందమంత జరుపుతుంది.

ఈ దూరము కారు కారుకూ వేరు. ఒకానొక కారులో 5 మిల్లీమీటర్లు అనుకొందాము. 10 మిల్లీమీటర్ల స్పేసరు వేయగానే అది 15 అవుతుంది. అనగా మూడు రెట్లు. ఇందాకటి లెక్కను దీని ప్రక్కన పెట్టి చూడండి. అదే 10 మిల్లీమీటర్ల బిళ్ళ ట్రాక్‌ను నూటికి రెండు పాళ్ళయినా పెంచలేదు. బందు దూరాన్ని మాత్రము మూడింతలు చేసింది. లాభాన్ని 1200 మిల్లీమీటర్ల కొలబద్దతో కొలవవలసి ఉన్నది. నష్టాన్ని 5 మిల్లీమీటర్ల కొలబద్దతో. స్పేసరు విషయములో గ్రహించవలసిన ముఖ్యాంశము ఇదే.

రెండు చక్రాలమీదా రోడ్డు లాగుడు సమానముగా ఉన్నంతసేపు ఈ నష్టము బయటపడదు. కుడి చక్రము ఒక వైపు త్రిప్పజూస్తే ఎడమ చక్రము రెండవ వైపు త్రిప్పజూస్తుంది. రెండూ చెల్లుకు చెల్లు. కొత్తగా స్పేసరు వేయించినవాడు మంచి తారురోడ్డుమీద పది మైళ్ళు తిరిగి వచ్చి, బండి చక్కగా ఉన్నదని చెప్పడానికి కారణము ఇదే. లాగుడు సమానము కానప్పుడు అసలు పరీక్ష వస్తుంది.

ఆ పరీక్ష మన రోడ్లమీద ఎట్లా వస్తుందో చెబుతాము. ఇరుకైన రోడ్డు, ఎదురుగా లారీ. దారి ఇవ్వడానికి కారు ఎడమకు తగ్గుతుంది. ఎడమ చక్రాలు మార్జిను ఇసుకలోకి దిగుతాయి, కుడి చక్రాలు తారుమీదనే ఉంటాయి. ఆ సమయాన డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తాడు. ఇసుకలోని చక్రాలకు పట్టు లేదు, తారుమీది చక్రాలకు ఉన్నది. కుడి ప్రక్క వెనుకకు గుంజగా బండి కుడివైపునకు, అనగా లారీవైపునకే, మొగ్గు చూపుతుంది. టైరు మధ్యభాగము ఇరుసుగీతకు వెలుపల ఎంత దూరముగా ఉంటే అంత బలముగా కుడి చక్రము కూడా కుడికే తిరుగజూస్తుంది. మొగ్గు చూపే బండికి స్టీరింగు కూడా తోడుపోతుంది. ఒక టైరు హఠాత్తుగా పగిలినపుడు జరిగేదీ ఇటువంటిదే.

ఈ అపాయాన్ని తగ్గించడానికి రూపకర్తలు ఒక యుక్తి కనిపెట్టారు. ఇరుసుగీత నేలను టైరు మధ్యభాగానికి వెలుపల తాకేటట్లు అమర్చితే, గుంజుడు కలిగినపుడు చక్రము విపరీత దిశకు తిరుగుతుంది. పై ఉదాహరణలో బండి కుడికి మొగ్గితే చక్రము తనంతట తాను ఎడమకు సవరించుకొంటుంది. జర్మనీలో 1972లో వచ్చిన ఆడీ 80 కారు ఈ అమరికకు పేరుపొందినది. తరువాత ముందు చక్రాలు లాగే కార్లు అనేకము ఈ మార్గాన్ని అనుసరించాయి. ఇటువంటి కారులో గీత 10 మిల్లీమీటర్లు వెలుపల పడుతున్నదనుకొందాము. 10 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే ఆ రక్ష పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. 20 మిల్లీమీటర్లది వేస్తే రక్షించవలసిన చక్రమే ప్రమాదము వైపునకు త్రిప్పడము మొదలుపెడుతుంది. బండి సొంతదారుకు ఈ మార్పు కంటికి కనబడదు. కనబడేదల్లా టైరు అందముగా మడ్‌గార్డు అంచుకు వచ్చి నిలవడమే.

వెనుక చక్రాలు స్టీరింగుతో తిరగవు గనుక వాటికి ఈ బాధ లేదు. కాని బేరింగుల బాధ నాలుగింటికీ సమానమే. చక్రము మోసే బరువు బేరింగు నడుమ దరిదాపులలో పడేటట్లు తయారీదారు అమర్చుతాడు. చక్రాన్ని వెలుపలికి జరిపితే ఆ బరువు కావడిబద్ద కొనకు చేరినట్లవుతుంది. బేరింగును నిరంతరము ఒక వైపునకు మెలిపెడుతుంది. స్వీడను దేశపు ఇంజనీర్లు లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్‌లు 1947లో ప్రకటించిన సూత్రము ప్రకారము, గుండ్ల బేరింగు ఆయుర్దాయము దానిమీది భారానికి ఘనముగా తగ్గుతుంది. భారము నూటికి పదిపాళ్ళు పెరిగితే ఆయుర్దాయములో దాదాపు నాలుగవవంతు పోతుందన్నమాట. ముందు వైపున స్ట్రట్టుమీదా, బాల్ జాయింటుమీదా ఒరిపిడి కూడా పెరుగుతుంది. అదనముగా, నలుగురు కూర్చున్న బండి గుంతలో పడి క్రుంగినపుడు టైరు మడ్‌గార్డు అంచుకు ఒరుసుకొనవచ్చును.

అన్నిటికంటె ముందుగా ప్రాణాపాయము తెచ్చేది మాత్రము నట్టు. చక్రము స్టడ్డులమీద వ్రేలాడుతున్నదని చాలామంది అనుకొంటారు. అది నిజము కాదు. నట్టు బిగింపు వలన చక్రము హబ్బు ముఖానికి అదుముకొని నిలుస్తుంది. ఆ అదుముడు కలిగించే రాపిడియే బరువునూ బ్రేకు బలాన్నీ మోస్తుంది. నడుమ స్పేసరు వచ్చినపుడు ఒక జోడుకు బదులు రెండు జోడులు ఏర్పడతాయి. రెండు చోట్లా ముఖాలు చదునుగా, శుభ్రముగా ఉండవలెను. తుప్పు గాని, రంగు గాని, మట్టి గాని మిగిలి ఉంటే అది క్రమముగా నలిగి బిగువు సడలుతుంది.

పలుచని స్పేసరులో మరొక మోసము ఉన్నది. స్టడ్డు పొడవు మారదు. స్పేసరు ఎంత మందమో అంత మర నట్టుకు అందకుండా పోతుంది. మారుతి కార్ల స్టడ్డు 12 మిల్లీమీటర్ల లావు. మర ఒక్కొక్క చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే నాలుగు చుట్ల మర పోయినట్లే. స్టడ్డు ఎంత లావో కనీసము అంత పొడవున నట్టు మరను పట్టుకొని ఉండవలెనన్నది సాధారణ నియమము. 12ను 1.25తో భాగిస్తే 9.6, అనగా పది చుట్లు. దీనిని పరీక్షించడానికి పరికరము అక్కరలేదు. నట్టును చేతితో త్రిప్పుతూ, మర అందుకొన్న క్షణము నుండి గట్టిగా ఆనేవరకు చుట్లు లెక్కించండి. పదికి తగ్గితే ఆ బండిని కదలించరాదు. పొడవైన స్టడ్డులు వేయించవలెను, లేదా స్పేసరును తీసివేయవలెను.

హబ్బు మధ్యలో చిన్న అంచు ఒకటి ముందుకు పొడుచుకొని వచ్చి ఉంటుంది. చక్రము నడిమి రంధ్రము దానిమీద కూర్చున్నపుడు చక్రము సరిగా కేంద్రములో నిలుస్తుంది. చదునైన స్పేసరు ఈ అంచును కప్పివేస్తే చక్రము వెంట్రుకవాసి ప్రక్కకు కూర్చుండవచ్చును. వేగము పెరగగానే స్టీరింగు వణుకుతుంది. మంచి స్పేసరుకు రెండు వైపులా ఈ ఏర్పాటు ఉంటుంది: లోపల హబ్బు అంచు పట్టే రంధ్రము, వెలుపల చక్రానికి తానే ఒక అంచు. మందమైన రకాలు హబ్బుకు వేరుగా బిగించబడి, తమ సొంత స్టడ్డులమీద చక్రాన్ని మోస్తాయి. వీటిలో మర పోయే చిక్కు లేదు గాని, పాత స్టడ్డుల కొనలు స్పేసరు ముఖాన్ని దాటి పొడుచుకొని రాకుండా చూడవలెను. వస్తే చక్రము స్పేసరుకు ఆనదు, స్టడ్డు కొనకు ఆనుతుంది.

స్పేసరు వేయకుండానే స్పేసరు వేసినట్లయ్యే సందర్భము కూడా ఒకటి ఉన్నది. అల్లాయ్ చక్రాలమీద ఈ.టీ. అన్న అక్షరాలూ, ఒక సంఖ్యా అచ్చువేసి ఉంటాయి. చక్రము హబ్బును తాకే ముఖము చక్రపు నడిగీతకు ఎన్ని మిల్లీమీటర్లు వెలుపల ఉన్నదో ఆ సంఖ్య చెబుతుంది. పాత చక్రముమీద 45 ఉండి, కొత్త దానిమీద 35 ఉంటే, మీరు 10 మిల్లీమీటర్ల స్పేసరును తెలియకుండానే కొన్నారన్నమాట. బిగింపు బాధలు ఇందులో ఉండవు. బందు దూరము, బేరింగులు మాత్రము అంతే దెబ్బ తింటాయి. కాబట్టి దుకాణములో రంగును చూసేముందు ఈ సంఖ్యను చూడడము మంచిది. తయారీదారు పెట్టిన సంఖ్యకు సరిపోయే చక్రాన్నే ఎంచుకొంటే స్పేసరుతో పనియే ఉండదు.

చట్టము సంగతి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండిలో చేసే మార్పులకు హద్దు పెట్టింది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదని సుప్రీముకోర్టు 2019 జనవరిలో స్పష్టముచేసింది. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదానంతరము భీమా సొమ్ము విషయములో వివాదానికి దారి తీయవచ్చును. కనుక రవాణా కార్యాలయాన్నీ, భీమా కంపెనీనీ ముందుగా విచారించడము వివేకము.

ఇదివరకే స్పేసర్లు వేసి ఉన్న పాత బండిని కొన్నవారు ఏమి చేయవలెను? మొదట చక్రము విప్పించి స్పేసరు ఉన్నదేమో చూడండి. వెలుపలినుండి అది కనబడకపోవచ్చును. ఉంటే దాని మందము కొలవండి, నట్టు చుట్లు లెక్కించండి. ఒకదానిమీద ఒకటి రెండు బిళ్ళలు పేర్చి ఉంటే మరు మాట లేకుండా తీసివేయించండి. పగుళ్ళున్నా, స్టడ్డు రంధ్రాలు కోలగా సాగినా అది పనికిరాదు. ఉంచక తప్పదనుకొన్నవారు ముఖాలను శుభ్రము చేయించి, కారుతో వచ్చిన పుస్తకములో చెప్పిన బిగువుకు టార్కు రెంచితో బిగించి, 50 మొదలు 100 కిలోమీటర్లు నడిపిన తరువాత మరల ఒకసారి బిగువు పరీక్షించవలెను. స్టీరింగు వణికినా, బ్రేకు వేస్తే ఒక ప్రక్కకు గుంజినా, చక్రమునుండి ఝుమ్మను ధ్వని వినిపించినా ప్రయాణము ఆపి చూపించుకొనవలెను.

పోటీలలో పరుగెత్తే కార్లకు స్పేసర్లు ఉంటాయి గదా అని కొందరు వాదిస్తారు. నిజమే. ఆ కార్లకు స్ప్రింగులు వేరు, స్టడ్డులు వేరు. పందెము తరువాత బేరింగులను విప్పి చూసే మనుషులూ ఉంటారు. భార్యాబిడ్డలతో రాత్రివేళ రహదారిమీద పోయే చిన్న కారుకు ఆ పరివారము లేదు. మలుపులో మిగిలే 3 కిలోల కోసము, ఎదురు లారీ వచ్చినపుడు చేతిలో ఉండవలసిన స్టీరింగును పణముగా పెట్టడము లాభసాటి బేరము కాదని మా అభిప్రాయము. బండిని రోడ్డుమీద నిలుకడగా ఉంచగోరేవారు ఆ సొమ్ముతో మంచి టైర్లు కొని, వాటి గాలి ఒత్తిడిని పదిహేను రోజులకొకసారి చూపించుకొంటే చాలును.